ఎనిమిదేళ్ల తర్వాత నడుం నొప్పి, పెరిగిన మార్కర్: పెట్ స్కాన్ దాకా ఈ పది రోజులు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. 2017లో రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, కరెంటు (రేడియేషన్) అన్నీ అయ్యాయి. హార్మోన్ పాజిటివ్ (హార్మోన్ల వల్ల పెరిగే రకం) కాబట్టి మొదట టామాక్సిఫెన్, మూడేళ్లుగా లెట్రోజోల్, అంటే హార్మోన్‌ని అడ్డుకునే మాత్రలు, వేసుకుంటున్నారు. ఆరు వారాల నుంచి నడుం నొప్పి. రొమ్ము క్యాన్సర్‌కి రక్తంలో చూసే మార్కర్ సీఏ 15-3 పోయినేడు 24 ఉన్నది ఈసారి 38 వచ్చింది. డాక్టరుగారు పెట్ సీటీ రాశారు, దానికింకా పది రోజులుంది. పాపకి ఇంటర్ పరీక్షలని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "తిరగబెట్టినట్టేనా? ఈ పది రోజులు ఎలా నెట్టాలి?" అని అడిగారు.

నేను డాక్టర్ని కాను. లెక్కల టీచర్ని, రిటైరయ్యాను. 2008లో, నలభై రెండేళ్లప్పుడు, మీకొచ్చిన జబ్బే నాకూ వచ్చింది. ఎడమ రొమ్ము తీసేశారు, చంకలో రెండు గ్రంథులకి పాకి ఉంది. ఆ తర్వాత మీకొచ్చిన ఈ అనుమానం నాకు రెండుసార్లు వచ్చింది. 2016లో వచ్చినది క్యాన్సర్ కాదు. 2021లో వచ్చినది క్యాన్సరే. అందుకని "ఏమీ ఉండదులే అమ్మా, ధైర్యంగా ఉండు" అని నేననను. ఆ మాట ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది.

అన్నిటికంటే ముందు ఒకటి చూసుకోండి. కాళ్లలో పట్టు తప్పుతోందా? మెట్లు ఎక్కుతుంటే కాలు తూలుతోందా? తొడల మధ్య, కూర్చునే చోట తిమ్మిరిగా ఉందా? మూత్రం బిగబట్టినట్టు ఆగిపోవడం గానీ, తెలియకుండా పోవడం గానీ ఉందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పది రోజులు ఆగకండి. అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లి "నాకు ఇదివరకు క్యాన్సర్ ఉంది, వెన్నుపాము నొక్కుకుపోతోందేమో చూడండి" అని అచ్చంగా ఈ మాటలే చెప్పండి. ఎమ్మారై తీస్తారు. ఆలస్యమైతే పోయిన నడక తిరిగి రాకపోవచ్చు. వాంతులతో కూడిన విడవని తలనొప్పి, ఫిట్స్, ఉన్నట్టుండి ఆయాసం కూడా అంతే. ఇవేవీ లేకపోతే పది రోజులు ఆగినందువల్ల సాధారణంగా వైద్యంలో తేడా రాదు. నొప్పి నిద్ర పట్టనివ్వకుండా ఉంటే మాత్రం డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పండి. స్కాన్ సెంటర్లో చివరి నిమిషంలో రద్దయిన స్లాట్లు ఉంటాయి, అడిగితే ఇస్తారు.

ఇక 2016 సంగతి. పొద్దున స్కూలుకి తయారవుతూ నల్లపూసలు సర్దుకుంటుంటే, ఎడమవైపు కాలర్ బోన్ పైన గోలీ అంత గట్టిగా ఏదో వేలికి తగిలింది. కదల్లేదు, నొప్పి లేదు. ఎనిమిదేళ్లుగా నేను భయపడిన చోటే, నేను భయపడినట్టే. పెట్ స్కాన్‌లో మెడలోనూ ఛాతీ మధ్యలోనూ బిళ్ళలు (వాచిన గ్రంథులు) వెలిగాయి. రిపోర్టు కవరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదాకా ఆగలేక ఆటోలోనే చింపాను. 'సజెస్టివ్ ఆఫ్ నోడల్ మెటాస్టాసిస్' అని ఉంది, అంటే క్యాన్సర్ గ్రంథులకి పాకినట్టు అనిపిస్తోందని. ఇల్లు చేరేలోపు నా పదోరోజు కార్యక్రమం కూడా నా మనసులో అయిపోయింది, గాజులు ఏ కోడలికో కూడా పంచేశాను. అప్పటికి మా అబ్బాయికి పెళ్లే కాలేదు.

డాక్టరుగారు ఆ రిపోర్టు చూసి పెద్దగా ఏమీ అనలేదు. "ముక్క తీయకుండా (బయాప్సీ చేయకుండా) నేను దీనికి పేరు పెట్టను" అన్నారు. మెడలో బిళ్ళ నుంచి ముక్క తీశారు. వారం తర్వాత తేలింది, టీబీ. ఆరు నెలలు మాత్రలు మింగాను, బిళ్ళలు పోయాయి.

పెట్ స్కాన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఇది ఎందుకు జరుగుతుందో అర్థమవుతుంది. గ్లూకోజ్ లాంటి పదార్థానికి ఫ్లోరిన్-18 అనే రేడియో ధార్మిక మూలకం తగిలించి నరానికి ఎక్కిస్తారు. ఒంట్లో ఎక్కడ కణాలు చక్కెరని ఆబగా లాక్కుంటాయో అక్కడ తెరమీద వెలుగు కనిపిస్తుంది. క్యాన్సర్ కణాలు అలా లాక్కుంటాయి. టీబీ ఉన్నచోట పోగయిన కణాలూ లాక్కుంటాయి. విరిగి మానుతున్న ఎముక, వాచిన కీలు, ఏదైనా ఇన్ఫెక్షన్, అన్నీ లాక్కుంటాయి. టీబీ ఇంత ఉన్న మన దేశంలో వెలిగిన ప్రతి బిళ్ళా క్యాన్సర్ అనుకోవడానికి వీల్లేదు.

మీ నడుం నొప్పి గురించి కూడా ఇలాగే ఆలోచించాలి. లెట్రోజోల్ ఈస్ట్రోజెన్‌ని అడుగంటా తగ్గించేస్తుంది కాబట్టి కీళ్ల నొప్పులు, ఒళ్లు బిగుసుకుపోవడం చాలామందిలో ఉంటాయి, ఎముక కూడా పలచబడుతుంది. పలచబడ్డ వెన్నుపూస బకెట్ ఎత్తినందుకే నొక్కుకుపోవచ్చు. అదీ నడుం నొప్పే. చివరిసారి డెక్సా స్కాన్ (ఎముక గట్టిదనం చూసేది) ఎప్పుడు చేయించారు? విటమిన్ డి చూసుకున్నారా? ఇవి పెట్ స్కాన్‌కి బదులు కాదు, డాక్టరుగారిని అడగాల్సినవి. ఎముకలోకి పాకిన క్యాన్సర్ నొప్పి సాధారణంగా విశ్రాంతి తీసుకున్నా తగ్గదు, రాత్రిళ్లు ఎక్కువవుతుంది, వారాల తరబడి పెరుగుతూ పోతుంది. ఇది చదివి ఇప్పుడు మీరు మీ నొప్పిని గంటకోసారి తూచడం మొదలుపెడతారు, తెలుసు. నేనూ అదే చేశాను. రోజుకొకసారి, రాత్రి భోజనం తర్వాత, పదికి ఎంత ఉందో క్యాలెండర్లో రాసి వదిలేయండి. డాక్టరుకి చూపించడానికి అదే పనికొస్తుంది.

సీఏ 15-3 విషయానికొస్తే, 24 నుంచి 38 అన్నది పట్టించుకోవాల్సిన మార్పే, డాక్టరుగారు స్కాన్ రాయడం సబబే. కానీ లివర్ జబ్బుల్లోనూ, అండాశయంలో నీటితిత్తులున్నా కూడా అది పెరగొచ్చు. రెండుసార్లూ ఒకే ల్యాబులో చేయించారా? ల్యాబుకో పద్ధతి, ఒకచోటి అంకెని ఇంకోచోటి అంకెతో పోల్చకూడదు. ఈ మార్కర్ని ఏ లక్షణమూ లేనివాళ్లకి మామూలు చెకప్‌గా చేయొద్దని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం మార్గదర్శకాల్లోనే ఉంది. మన దగ్గర మాత్రం ప్యాకేజీల్లో పెట్టి అమ్ముతారు. నా ఫ్రెండొకామె నాలుగేళ్లు ఈ అంకెతోనే బతికింది. ఏటా జనవరిలో ఆమెకి సంక్రాంతి లేదు, రిపోర్టే.

అడక్కపోయినా మీ మనసులో ఉండే ఉంటుంది: "ఏటా స్కాన్ చేయించుకుని ఉంటే ముందే దొరికేదేమో". 1994లో ఇటలీ నుంచి రెండు పెద్ద అధ్యయనాలు వచ్చాయి. ఆపరేషన్ తర్వాత కొందరికి క్రమం తప్పకుండా ఎముకల స్కాన్లు, ఛాతీ ఎక్స్‌రేలు చేశారు, కొందరికి మామూలు పరీక్ష, మామోగ్రామ్ మాత్రమే. బతికిన కాలంలో తేడా రాలేదు. అందుకే ఇప్పటికీ ఏటా మామోగ్రామ్, డాక్టరు చేత్తో చూడటం, లక్షణాలుంటే పరీక్షలు, అంతే చెబుతారు. ఆ లెక్కన మీరు వదిలేసింది ఏమీ లేదు. నొప్పి వచ్చింది, వెళ్లారు, చూపించుకున్నారు.

"ఐదేళ్లు దాటితే గండం గడిచినట్టే అన్నారు కదా" అని కూడా రాశారు. ట్రిపుల్ నెగటివ్ రకంలో (హార్మోన్ రిసెప్టర్లు రెండూ, హెర్2 కూడా లేని రకం) ఆ మాట చాలావరకు నిజం, తిరగబెడితే ఎక్కువగా మొదటి కొన్నేళ్లలోనే. హార్మోన్ పాజిటివ్ రకంలో అలా కాదు. కొన్ని కణాలు ఎముక మజ్జ లాంటి చోట్ల ఏళ్ల తరబడి విభజన చెందకుండా ముడుచుకుని పడుకుంటాయి, ఎందుకో ఎప్పుడో లేస్తాయి. 2017లో దాదాపు 63 వేల మంది స్త్రీల వివరాలతో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. ఐదేళ్లు హార్మోన్ మాత్రలు వాడి, అప్పటికి జబ్బు లేకుండా ఉన్నవాళ్లని ఇరవయ్యో ఏడు దాకా చూశారు. గడ్డ చిన్నదై, చంకలో గ్రంథులకి పాకనివాళ్లలో నూటికి 13 మందికి ఆ పదిహేనేళ్లలో ఒంట్లో వేరేచోట జబ్బు కనిపించింది. గడ్డ పెద్దదై నాలుగు నుంచి తొమ్మిది గ్రంథులకి పాకినవాళ్లలో నూటికి 41. వాళ్లలో ఎక్కువమందికి పాతకాలపు వైద్యం అందింది, ఇప్పటివాళ్లకి ఇంకాస్త మెరుగ్గా ఉండొచ్చని ఆ విశ్లేషకులే రాశారు. లెక్కల టీచర్ని కాబట్టి ఒక మాట. 41 అంటే 59 కూడా. ఆ అంకె నూరుమంది గురించి చెబుతుంది, ఆ నూరుమందిలో మీరెక్కడున్నారో చెప్పదు.

ఇది మీ తప్పు వల్ల రాదు. ఆవకాయ తిన్నందుకో, చక్కెర టీ తాగినందుకో, ఉద్యోగం మానకపోయినందుకో ఆ కణాలు లేవవు. మా ఆడపడుచు నా ముందే "మాత్రలు వేళకి వేసుకోలేదేమో" అంది. పదేళ్లలో నేను మర్చిపోయిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆమెని క్షమించడానికి నాకు రెండేళ్లు పట్టింది, పూర్తిగా ఇప్పటికీ కాలేదు.

బయాప్సీ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా రెండు అనుభవాల్లోనూ కథ తిరిగింది అక్కడే. పెట్‌లో ఏదైనా వెలిగితే, ముక్క తీయగలిగిన చోటైతే, ముక్క పరీక్ష చేయమని మీరే అడగండి. మనవాళ్లలో "కత్తి తగిలితే పాకుతుంది" అన్న మాట ఇంకా ఉంది. మా పెద్దమ్మ దాన్ని పట్టుకుని నన్ను ఆపబోయింది. ముక్క తీయకపోతే టీబీకి నాకు కీమో ఎక్కించి ఉండేవాళ్లేమో. ఒకవేళ అది క్యాన్సరే అయినా ముక్క కావాలి. ఎనిమిదేళ్ల కిందట హార్మోన్ పాజిటివ్ ఉన్నది ఇప్పుడూ అలాగే ఉండాలని లేదు. కొందరిలో ఈఆర్, పీఆర్, హెర్2 (ఏ మందు పనిచేస్తుందో చెప్పే కణాల రిసెప్టర్లు) మారిపోతాయి, దాన్నిబట్టి మందు మారుతుంది. ఎముక నుంచి తీసిన ముక్కైతే ఇంకో చిక్కు. గట్టి ఎముకని కోయడానికి వీలుగా ఆమ్లంలో నానబెట్టి మెత్తబరుస్తారు. అది ఘాటైతే రిసెప్టర్ల పరీక్ష తప్పుగా నెగటివ్ చూపొచ్చు. "రిసెప్టర్లు చూడాలి, ఈడీటీఏ (ఘాటు తక్కువ రసాయనం)లో మెత్తబరచండి" అని డాక్టరుగారి చేత ల్యాబుకి చెప్పించండి. ఇది నాకు 2021లో ఒక జూనియర్ డాక్టరమ్మాయి కారిడార్లో నిలబడి చెప్పింది. ఆ అమ్మాయి పేరు కూడా అడగలేదు, ఇప్పటికీ బాధ.

ఈ పది రోజుల్లో చేతికి పని కావాలంటే ఒకటుంది. పాత ఫైలు తీయండి. 2017 నాటి ఆపరేషన్ తర్వాతి బయాప్సీ రిపోర్టు, ఐహెచ్‌సీ (రిసెప్టర్ల పరీక్ష) రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, కీమో చార్టు, రేడియేషన్ సమ్మరీ, ఈ ఐదూ జిరాక్స్ తీసి ఒక ఫోల్డర్లో పెట్టండి. కీమో చార్టు ఎందుకంటే అడ్రియామైసిన్ (ఆ ఎర్ర మందు) జీవితకాలంలో ఇంతకి మించి ఇవ్వకూడదన్న హద్దుంది, గుండెకి దెబ్బ. రేడియేషన్ సమ్మరీ ఎందుకంటే ఒకసారి కరెంటు పెట్టిన చోట మళ్లీ పెట్టాలంటే పాత మోతాదు తెలియాలి. పాత కణితి బ్లాకులు, స్లైడ్లు ఆసుపత్రిలో ఉన్నాయేమో కూడా అడగండి. మైనపు దిమ్మలో పోతపోసి ఉంచుతారు. నావి అడిగితే "పదేళ్లు దాటినవి ఉంచమమ్మా" అన్నారు కౌంటర్లో, తలెత్తకుండా. మీవి ఎనిమిదేళ్లేగా, రేపే ఫోన్ చేయండి.

ఇక భయం. రెండుసార్లూ నేను పడిన భయం ఒకే రకంగా ఉంది. టీబీ అని తేలినప్పటి పదిహేను రోజులూ, క్యాన్సర్ అని తేలినప్పటి పన్నెండు రోజులూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనిపెట్టలేను. అదే గుండెదడ, అదే రాత్రి రెండు గంటలకి మెలకువ, అదే నోటి చేదు. "నా మనసు చెబుతోంది, ఇది అదే" అని రాశారు మీరు. నా మనసూ రెండుసార్లూ చెప్పింది. ఒకసారి తప్పు చెప్పింది. కాబట్టి అంత గట్టిగా అనిపిస్తోందని దాన్ని రిపోర్టులా తీసుకోకండి.

రాత్రి రెండింటికి ఫోన్ పట్టుకోకండని చెప్పడం తేలిక. నేను చేసింది చెబుతాను. ఫోన్ వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టి పడుకునేదాన్ని. మెలకువొస్తే లేచి కూర్చుని, మర్నాటికి చిక్కుడుకాయలు ఈనెలు తీసేదాన్ని. చిక్కుడుకాయ సీజన్ అయిపోయాక పాత పరీక్ష పేపర్లు సర్దాను. దిగులుకి సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా టైం ఇచ్చాను, డాబా మీద. మిగతా వేళల్లో ఆలోచన వస్తే "ఆరింటికి చూసుకుందాం" అని చీటీ మీద ఒక ముక్క రాసి పక్కన పడేసేదాన్ని. మొదటి రెండు రోజులు నవ్వొచ్చింది. నాలుగో రోజు ఆరింటికి చీటీలు తీసి చూస్తే తొమ్మిదింటిలో ఆరు ఒకే ప్రశ్న. ఆ ప్రశ్న డాక్టర్ని అడగాల్సినదని అప్పుడు తెలిసింది. ఇది నేను కనిపెట్టింది కాదు, కౌన్సెలర్లు నేర్పే పద్ధతే. నిద్ర బొత్తిగా లేకపోతే, అన్నం సయించకపోతే, బతకడం ఎందుకనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. టెలిమానస్ అని ప్రభుత్వ సర్వీసు, డబ్బులుండవు, తెలుగులో మాట్లాడతారు. నిద్రమాత్ర కావాలంటే మీ డాక్టరుగారినే అడగండి, అందులో నామోషీ లేదు.

ఇంట్లో చెప్పడం గురించి మీతో ఏకీభవించను. పాపకి పరీక్షలయ్యేదాకా చెప్పకపోవడం సరే, మీ ఇష్టం. మీ ఆయనకి చెప్పండి. 2016లో నేను మావారికి చెప్పకుండా వారం దాచాను. ఆయన ఆ వారమంతా నాకు తన మీద కోపమనుకున్నారు, ఆదివారం చేపలు తెచ్చి తనే కడిగారు. నిజం చెప్పాక ఆయన అన్నది ఒకటే, "చేపలు నువ్వే కడగాల్సింది". ఇద్దరం ఏడ్చి నవ్వాం. ఆయనకి చెప్పలేకపోతే అక్కకో, ఆఫీసులో ఒక మనిషికో చెప్పండి, కానీ ఒక్కరికైనా చెప్పండి. చుట్టాలకి చెప్పకండి. రిపోర్టు రాకముందు చుట్టాలకి తెలిస్తే ఒకరు గోధుమగడ్డి రసం అంటారు, ఒకరు జాతకం అంటారు, అందరికీ సమాధానం మీరే చెప్పాలి. పాప కనిపెట్టి అడిగితే మాత్రం అబద్ధం ఆడకండి. "నడుం నొప్పికి స్కాన్ రాశారు, పాత జబ్బుంది కాబట్టి జాగ్రత్తగా చూస్తున్నారు" అంటే చాలు, అది నిజం కూడా.

ఒకవేళ వచ్చిందనే తేలితే? 2021లో నాకు తుంటి ఎముకలో తేలింది. పదమూడో ఏడు. ఎముకలోకి వచ్చాక దీన్ని పూర్తిగా తీసేయడం సాధారణంగా కుదరదు, అణచి ఉంచుతారు. ఈ వాక్యం డాక్టరు నోట విన్న రోజు కుర్చీలోంచి లేవలేకపోయాను. కానీ అణచి ఉంచడం అంటే ఏమిటో నాకప్పుడు తెలియదు. కీమో కాదు, మాత్రలు. లెట్రోజోల్‌తో పాటు పాల్బోసిక్లిబ్, ఇరవై ఒక్క రోజులు వేసుకుని ఏడు రోజులు ఆపడం. తెల్లకణాలు పడిపోతుంటాయి కాబట్టి రక్తపరీక్షలు, నాకు మోతాదు ఒకసారి తగ్గించారు. ఎముకకి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజక్షన్. అది మొదలుపెట్టకముందు పళ్ల డాక్టర్ని కలిసి పుచ్చుపళ్లు పీకించుకోవాలి, తర్వాత పీకితే దవడ ఎముక దెబ్బతినొచ్చు. మొదట్లో మాత్రల ఖర్చు చూసి పొలం అమ్మేద్దామనుకున్నాం. 2023 జనవరిలో పేటెంట్ అయిపోయి మన కంపెనీల మాత్రలు వచ్చాక ధర బాగా దిగింది. నాలుగేళ్లు దాటింది. మా మనవడి అన్నప్రాసన చేశాను. అందరికీ ఇలాగే ఉంటుందని చెప్పను, నాతో పాటు అదే వార్డులో కూర్చున్నవాళ్లలో ఇద్దరు లేరు.

డబ్బు విషయం స్కాన్ ముందే కనుక్కోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్లో 10 లక్షలకి పెంచారు. ఆంధ్రాలో అయితే ఎన్టీఆర్ వైద్య సేవ. ఏ పరీక్షకి, ఏ మందుకి వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర అడిగితే చెబుతారు. రెండో అభిప్రాయం కావాలంటే హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. ఆ ఫోల్డర్ పట్టుకుని వెళ్లండి.

స్కాన్ రోజు: ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినొద్దంటారు, మంచినీళ్లు తాగొచ్చు. షుగరుంటే బుక్ చేసేటప్పుడే చెప్పి మాత్రలు ఎప్పుడు ఆపాలో అడగండి, షుగరు ఎక్కువుంటే స్కాన్ సరిగా రాదు. సూది ఆపరేషన్ కానివైపు చేతికి వేయమనండి. ఎక్కించాక గంటసేపు ఒంటరిగా పడుకోబెడతారు, మాట్లాడొద్దు, ఫోన్ చూడొద్దు. ఆ సాయంత్రం గర్భిణులకి, పసిపిల్లలకి కాస్త దూరంగా ఉండండి. రిపోర్టు కవరు మీ ఆయన చేతికిచ్చి, డాక్టరు టేబుల్ మీదే తెరవండి, ఆటోలో వద్దు. సాక్సులు, దళసరి శాలువా తీసుకెళ్లండి. ఆ గదిలో ఏసీ చాలా చల్లగా ఉంటుంది, వాళ్లిచ్చే దుప్పటి పలచన.